మోతతో నాలుగు గంటలు

జోంబా
21 ఏప్రిల్ 1996

మామయ్యా,

మీరు బాగా నిద్ర లేచుంటే నేనూ బాగానే లేచాను. లేవకపోయినా లేచాననే రాస్తాను, లేదంటే మీరు టీ లారీ ఎక్కి వచ్చి వాకిట్లో కూర్చుంటారు.

నేను వద్దన్నా మీరు నా చేతికిచ్చిన నాలుగు అనాసపళ్ళలో మూడు బస్సులో ఒక పెద్దావిడ దుప్పటి మీద చితికాయి. లింబే దాకా ఆవిడ తిడుతూనే ఉంది, లింబేలో దిగేముందు నాలుగోది అడిగి పుచ్చుకుంది. కాబట్టి మీ అనాసపళ్ళు ఎలా ఉన్నాయో నాకు తెలియదు.

ఇక కొండ సంగతి. నిన్న కూర్చుని లెక్క పూర్తి చేశాను. టీ తోట రోడ్డు మీద మనం తాడుతో కొలిచిన ఆరు వందల మీటర్లు గుర్తుందిగా. దూరపు కొస నుంచి శిఖరం వైపు చూస్తే ఊర్ధ్వకోణం ఇరవై డిగ్రీలు, దగ్గరి కొస నుంచి ఇరవై మూడూ చిల్లర. కోణమానినికి దారం కట్టి, దానికి సైకిల్ నట్టు వేలాడదీసి నేను చూస్తుంటే తోట మేస్త్రీ నవ్వాడు. నవ్వనీండి. అంతవరకు మా పిల్లలు బళ్ళో చెట్టు ఎత్తు కట్టే లెక్కే. శిఖరం టీ తోట కంటే పద్నాలుగు వందల యాభై మీటర్లు పైన ఉంది. పొద్దున ఎండకి మెరిసిన, కొండ మీది అతిథుల బస రేకు కప్పునీ అలాగే పట్టాను. నలిపిరి వాగు దాటాక బస దాకా ఎక్కుడు ఎనిమిది వందల మీటర్లు, మీరు చెప్పిన మెలికలన్నీ కలిపితే దారి అయిదు కిలోమీటర్లు.

తన పిల్లల్లో ఇంకెవరూ ఆ కొండ మీద కాలు పెట్టకూడదని అమ్మ ఒట్టు వేయించుకుంది కాబట్టే నాకీ త్రికోణాల అవస్థ. కాలు పెట్టకుండా కొండను కొలవాలంటే ఇంకో దారి లేదు. దారి పక్కన పాతడానికి కొండ కమిటీ ఏడు పలకలకి ఒప్పుకుంది. ప్రతి పలక మీదా దూరం, పట్టే సమయం రాయాలి. సమయాలు మీరు చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు మోత మోసినవారు, మీకన్నా ఎవరికి తెలుసు. ముందు ఒక్కటి చెప్పండి: వాగు నుంచి బస దాకా, వీపు మీద పద్దెనిమిది కిలోలతో, ఎంతసేపు?

వచ్చే జులైకి మాక్సన్ పోయి ఏడాది. శవం దొరకలేదని అమ్మ తల గొరిగించుకోనంటోంది. ఆ తల గొరిగితేగాని మన ఇంట్లో ఏడుపు ముగిసినట్టు కాదు. నా తమ్ముడు ఎక్కడ పడున్నాడో తెలియకుండా నేను పిల్లలకి టాన్లూ కాట్లూ చెబుతున్నాను మామయ్యా. కనీసం ఇంకొకడు అలా పోకుండా ఆ పలకలు నిలబడాలి.

మీ మేనకోడలు
ఎనిఫా

*

నలిపిరి
3 మే 1996

ఎనిఫా తల్లీ,

నువ్వు లేచానని రాశావు గనక నేనూ లేచాను. ఎడమ మోకాలు మాత్రం ఇంకా లేవలేదు. నాలుగో తరగతి చదివినవాణ్ణి, పెన్సిలు పట్టుకుంటే చేతికి చెమట పడుతుంది, అక్షరాలు చూసి నవ్వకు.

సైకిల్ నట్టుతో కొండను కొలిచావని ఊరంతా చెప్పుకుంటున్నారు. తోట మేస్త్రీ నన్ను ఆపి, మీ కోడలు పిల్ల కొండను కొనుక్కోబోతోందా అని అడిగాడు. కొంటుంది, నిన్ను కాపలా పెడుతుంది అన్నాను. దాంతో ఆ తాడు తోటదని నా మీద తగువు పెట్టుకున్నాడు. తాడు తిరిగిచ్చేశా.

సమయం అడిగావు. నీకు ఒక మాట చెప్పాలి, మీ బళ్ళో చెప్పనిది. కొండ మీద ‘దూరం’ అనకూడదు. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అదే. వెనక వచ్చేవాడు ఇంకెంత అంటే దగ్గరే అనాలి. గంట పోయాక మళ్ళీ ఇంకెంత అంటే మళ్ళీ దగ్గరే. దూరం అన్నావా, వాడి కాళ్ళు అక్కడే చచ్చుబడతాయి. పైగా కొండ వింటుంది, విని ఇంకాస్త సాగదీస్తుంది. ముప్ఫై ఏళ్ళలో నేను ఒక్కడికీ సరైన దూరం చెప్పలేదు, అందరూ పైకి చేరారు. ఒక్కడు చేరలేదని నువ్వంటావు. అను, నేను కాదనను.

వాగు నుంచి బసకి గంటన్నర అని రాసుకో.

పలకల్లో ఒకటి మాత్రం ఎర్రబండ దగ్గర పెట్టించు. మిగతా ఆరూ ఎక్కడ పాతినా నాకొకటే. ఎర్రబండ దగ్గర పాత రంపపుకోత వాళ్ళ దారి ఎడమకి చీలుతుంది. వాళ్ళు దేవదారు దుంగలు దొర్లించుకున్న దారి కదా, అసలు దారి కంటే వెడల్పుగా ఉంటుంది. కొత్తవాడు అదే దారనుకుంటాడు. రెండొందల అడుగులు పోయాక కింద ఏమీ ఉండదు.

మీ అమ్మ కాలి వాపు అలాగే ఉంది. కందులు బాగా పూత పట్టాయి. నాకు కొత్త దుప్పటి ఒకటి కావాలి, లేకపోయినా పరవాలేదు.

నీ మామ
బిస్విక్

*

జోంబా
12 మే 1996

మామయ్యా,

బాగా లేచారనుకుంటాను. నేను లేచి మీ ఉత్తరం చదివి మళ్ళీ పడుకోవాలనుకున్నాను.

గంటన్నరా? మీ వెనక నడిచే అతిథికి దగ్గరే అనండి, ముద్దు చేయండి, మీ ఇష్టం. పలక మీద అబద్ధం రాయమంటారా? పలక పక్కన మీరు ఉండరుగా చేయి పట్టుకోవడానికి. నేనే లెక్క కట్టాను. అయిదు కిలోమీటర్ల నడక, ఎనిమిది వందల మీటర్ల ఎక్కుడు, పద్దెనిమిది కిలోల బరువు. మోతతో నాలుగు గంటలు. కోత కోసినా అందులో పావుగంట తగ్గదు.

అయితే దీనితో నాకు నిద్ర పట్టడం లేదు. వినండి. మాక్సన్ ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకి వాగు దగ్గర మోత ఎత్తుకున్నాడని మీరే అందరికీ చెప్పారు. మంచు దిగింది సాయంత్రం అయిదుకి. దానికి ఊరంతా సాక్ష్యం, చర్చి ఆడవాళ్ళు ఆరబెట్టిన కందులు ఎత్తుకోవడానికి పరిగెత్తారు. పన్నెండుకి బయల్దేరినవాడు నా లెక్క ప్రకారం నాలుగింటికల్లా బసలో ఉండాలి. అతిథులకి దుప్పట్లు పరిచి, పొయ్యి ముందు కూర్చుని ఉండాలి. వాడు బసకి చేరనేలేదు. పట్టపగలు, వెలుతురులో, వాడు ఎలా దారి తప్పాడు?

వాడిది తప్పయినా కావాలి, నా కొలత తప్పయినా కావాలి. మాక్సన్ తెలివితక్కువవాడు కాదు. కాబట్టి నా కొలతే తప్పు. కోణంలో పావు డిగ్రీ అటూ ఇటూ అయితే కొండ వంద మీటర్లు పెరుగుతుంది, తరుగుతుంది. ఆ తాడు మంచుకి తడిసింది కూడా. దయచేసి ఆ తాడు మళ్ళీ అడిగి తీసుకుని, దుకాణం గజం కర్రతో ఒకసారి కొలిచి రాయండి.

ఇంకో మాట. పలకలు వస్తే గైడ్లకి పని పోతుందని మీ వాళ్ళు అనుకుంటున్నారని విన్నాను. మీరూ అలాగే అనుకుని సమయాలు చెప్పడం లేదా? అలా అయితే మొహం మీదే చెప్పండి, నేను పడతాను.

ఎనిఫా

*

నలిపిరి
25 మే 1996

ఎనిఫా,

లేచాను.

తాడు కొలిచాను. పొట్టిగా ఉంది. ఎంత పొట్టి అని అడక్కు, పొట్టిగా ఉంది అంతే. తడిసిన తాడు ముడుచుకుంటుందని పసిపిల్లకి కూడా తెలుసు. నీ లెక్క తప్పు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కొండలు నట్లకీ దారాలకీ లొంగవు. ఇక వదిలెయ్.

నా పని పోతుందని ఏడుస్తున్నానని రాశావు. మీ నాన్న మీ అమ్మను వదిలి రోడ్డున పోయినప్పుడు మీ ఇద్దరినీ నా మోకాళ్ళ మీద పెంచాను. నీ స్కూలు ఫీజుకి ఆ కొండ ఎన్నిసార్లు ఎక్కానో ఏ కోణమానిని చెబుతుంది? నా చెల్లెలి పిల్లలకి మేనమామను నేనే, మంచికైనా చెడుకైనా ఊళ్ళో నన్నే అడుగుతారు. ఇప్పుడు నువ్వు కూడా పోలీసులాగా ఎన్నింటికి బయల్దేరాడు, ఎన్నింటికి చేరాలి అని మొదలుపెట్టావు. పన్నెండు అన్నాను. పన్నెండే. నాకు వాచీ లేదు, ఎండను చూసి చెప్పాను.

నువ్వు ఉత్తరంలో ఏదో వల పన్ని, నేను ఎప్పుడు పడతానా అని చూస్తున్నట్టుంది. పెద్దవాళ్ళతో అలా చేయకు.

దుప్పటి వద్దు.

బిస్విక్

*

జోంబా
9 జూన్ 1996

మామయ్యా,

మీరు ఎలా లేచారో నాకు తెలియదు. పోయిన శనివారం నేను నలిపిరి వచ్చాను. మీరు పైన బసలో ఉన్నారని చెప్పారు. ఆ రోజు అతిథులు ఎవరూ లేరని కూడా చెప్పారు. నన్ను తప్పించుకోవడానికి మోకాలి నొప్పితో కొండెక్కారంటే నా ఉత్తరం మిమ్మల్ని ఎంత కోసిందో అర్థమైంది. పని పోతుందన్న మాట రాసినందుకు నన్ను క్షమించండి. వల ఏమీ పన్నలేదు. నాకు మా తమ్ముడు ఎక్కడున్నాడో తెలిస్తే చాలు.

రోడ్డు పనివాళ్ళ దగ్గర పనిచేసే ఒకాయన అసలైన థియోడలైట్ ఒక్క రోజుకి ఇచ్చాడు. ఇనుప టేపుతో రోడ్డు మళ్ళీ కొలిచాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూడుసార్లు. మూడుసార్లూ అదే జవాబు. నట్టూ దారం చెప్పింది నిజమే. నాలుగు గంటలే.

జవాబు సరిపోయినందుకు రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడుస్తుంటే అమ్మ వచ్చింది. నేను బుద్ధి లేకుండా అమ్మకి అంతా చెప్పేశాను. అదే నేను చేసిన పాడుపని.

అమ్మ వింది, రెండుసార్లు అడిగి తెలుసుకుంది. తర్వాత లేచి నవ్వింది. ఏడాది తర్వాత. “అయితే నా కొడుకు నాలుగింటికి బస దాకా చేరాడు, నీ లెక్కే చెబుతోంది. చేరి, లోపలికి వెళ్ళకుండా అవతలి వైపు దిగిపోయాడు. మొజాంబిక్‌లో ఉన్నాడు. ఏ పిల్లనో చూసుకుని మా నాన్న వాళ్ళ ఊళ్ళో ఉన్నాడు, వెధవ” అంది. నేను ఎంత చెప్పినా వినలేదు. “లెక్కల టీచరువి నువ్వా నేనా?” అని నన్నే అడిగింది.

అప్పుడే ఎండు చేపలు మూట కట్టింది. జులై ఒకటిన ములోజా దగ్గర సరిహద్దు దాటి, నడిచి, ఊరూరూ అడుగుతూ వెళుతుందట. ఆ కాలితో. తల గొరిగించుకునే మాట ఎత్తితే, బతికున్న కొడుక్కి తల గొరుగుతారా అని చేతిలో చీపురు విసిరింది.

నా లెక్క అమ్మను చంపబోతోంది మామయ్యా. ఆ లెక్కలో ఎక్కడ తప్పుందో మీకు గనక తెలిస్తే చెప్పండి. నాకు దొరకడం లేదు. నేను పదిసార్లు కట్టాను. పిల్లల కాపీలు దిద్దుతూ దిద్దుతూ మధ్యలో ఆపి మళ్ళీ అదే కడుతున్నాను.

ఎనిఫా

*

నలిపిరి
14 జూన్ 1996

ఎనిఫా తల్లీ,

ఈ ఉత్తరం ఒంటరిగా ఉన్నప్పుడు చదువు. టీ లారీ వాడికి నీ చేతికే ఇమ్మని చెప్పాను.

నీ లెక్కలో తప్పు లేదు. తాడు పొట్టిది కాదు, నేను కొలవనే లేదు. మాక్సన్ పన్నెండుకి బయల్దేరలేదు. రెండున్నరకి బయల్దేరాడు.

ఆ రోజు ఆ మోత నాది. పొద్దున్నే పైకి చేర్చాల్సింది. వాగు అవతల నా స్నేహితుడింట్లో కచాసు సారా కాచారు, ఒక్క లోటా అని కూర్చున్నా. తిరిగొచ్చేసరికి రెండు దాటింది, నా కాళ్ళు నా మాట వినడం లేదు. మోతను మర్నాటికి ఆపితే సరిపోయేది. పైన అతిథులు దుప్పట్లు లేవని కమిటీకి చెబుతారు, నా గైడు బిళ్ళ లాగేస్తారు అని భయం వేసింది. మాక్సన్ అక్కడే ఉన్నాడు, పని నేర్చుకుంటానని నెల నుంచి నా వెంట పడుతున్నాడు. వాడు ఆ వైపు దారి ఎప్పుడూ ఎక్కలేదు. మోత వాడి వీపుకి కట్టాను. “చీకటి పడుతుందేమో మామయ్యా, ఎంత దూరం?” అన్నాడు.

దగ్గరే అన్నాను. గంటన్నర అన్నాను. నోరు అలా అలవాటైపోయింది తల్లీ. నిజం చెప్పివుంటే వాడు ఆగేవాడు, వాడికి బుద్ధి ఉంది.

రాత్రి చేరలేదని పొద్దున బస కాపలావాడు దిగొచ్చి చెప్పాడు. ఊళ్ళో పెద్దాయన అందరి ముందూ అడిగాడు, ఎన్నింటికి పంపావని. నోట్లో కచాసు వాసన ఇంకా పోలేదు. పన్నెండు అన్నాను. ఒక్క మాట. పన్నెండుకి బయల్దేరినవాడు మంచు దిగేసరికి పైనే ఉంటాడు కదా అని అందరూ బస చుట్టూ, బసకి పైన వెతికారు. నాలుగు రోజులు. నేనూ వాళ్ళతో పైనే తిరిగాను, వాడి పేరు పెట్టి అరిచాను, వాడు అక్కడ లేడని తెలిసి.

అప్పుడే నోరు తెరవాల్సింది. రోజు గడిచేకొద్దీ ఇంకా కష్టమైంది.

రెండున్నర పెట్టి లెక్క కట్టి, ఎక్కడ వెతకాలో చెప్పు. నాకు తెలుసనే అనుకుంటున్నాను. అయినా నీ నోటితో చెప్పు. మీ అమ్మ ఒకటో తేదీ బయల్దేరేలోపు నేను వెళ్ళాలి.

బిస్విక్

*

జోంబా
17 జూన్

రెండున్నరకి వాగు. అయిదుకి మంచు. రెండున్నర గంటలు నడిచాడు, నాలుగు గంటల దారిలో. అంటే మూడు కిలోమీటర్ల పైచిలుకు, వాగుకి అయిదు వందల మీటర్ల పైన. టీ తోట నుంచి చూస్తే ఆ ఎత్తులో ఒక ఎర్రటి మచ్చ ఉంది, ఏప్రిల్‌లోనే దాని కోణం కూడా రాసి పెట్టుకున్నాను, ఊరికే.

ఎర్రబండ. ఎడమ దారి. మీరు మే నెలలోనే రాశారు, ఏడు పలకల్లో ఒకటి మాత్రం అక్కడ పెట్టించమని. నేను చదివి, ఆ సలహాకి మురిసిపోయాను.

తాడు గట్టిది తీసుకెళ్ళండి. దొరికినా దొరకకపోయినా రాయండి. ఏం దొరికిందో ఉన్నదున్నట్టు రాయండి, దగ్గరే అనే మాటలు నాకు వద్దు.

ఎనిఫా

*

నలిపిరి
22 జూన్ 1996

ఎనిఫా,

నువ్వు చెప్పిన చోటే.

ఎవరినీ వెంట తీసుకెళ్ళలేదు. ఎడమ దారి కొసన చెట్టుకి తాడు కట్టి దిగాను. నలభై అడుగుల కింద ఒక అరుగులాంటి బండ ఉంది, పైనుంచి కనిపించదు. అక్కడున్నాడు. ఎముకలే. నీ పాత స్కూలు స్వెట్టరు వేసుకున్నాడు, నీలం రంగు ఇంకా పోలేదు. కుడి తొడ ఎముక రెండుగా ఉంది.

ఉన్నదున్నట్టు రాయమన్నావు. రాస్తాను. జీవితంలో ఒక్కసారైనా ఉన్న దూరం చెప్పాలి.

పడగానే పోలేదు తల్లీ. అతిథుల దుప్పట్లు మూట విప్పి రెండు కింద పరుచుకున్నాడు, రెండు కప్పుకున్నాడు. మోతలో చిక్కుడుగింజల డబ్బాలు ఎనిమిది ఉండాలి. ఆరు ఖాళీగా ఉన్నాయి. మూతల్ని బండకేసి అరగదీసి తెరిచాడు, బండ మీద గీతలున్నాయి. ఆ ఆరు డబ్బాలూ ఒకదాని పక్కన ఒకటి బండ అంచున పెట్టాడు, మంచు నీళ్ళు పట్టడానికేమో. మోతలోది ముట్టకూడదని వాడికి నేర్పింది నేనే. మొదటి రోజు ముట్టి ఉండడు.

ఇంకొకటి ఉంది. ఇది ఏ మనిషికీ చెప్పలేదు, ఆ దేవుడికీ చెప్పలేదు. పైన వెతికేవాళ్ళు చాలించుకున్న రోజు, అయిదో రోజు, నేను ఒక్కణ్ణే ఆ ఎడమ దారి కొసకి వెళ్ళాను. మంచు, ఏమీ కనబడలేదు. పిలిచాను. దిగివచ్చేవాళ్ళు ఇంకా దారిలో ఉన్నారు, గట్టిగా పిలిస్తే వింటారని, ఇక్కడెందుకు పిలుస్తున్నావని అడుగుతారని, మెల్లగా పిలిచాను. ఒక్కసారే. జవాబు రాలేదు, వచ్చేశాను.

అంత మెల్లగా పిలిస్తే నలభై అడుగుల కింద ఎవరికి వినబడుతుంది.

వాణ్ణి కొత్త గోనెసంచిలో దింపి తెచ్చాను. తేనెపట్టు కోసం దిగితే కనబడ్డాడని ఊళ్ళో చెప్పాను. మీ అమ్మ చేపల మూట విప్పేసింది. శనివారం పూడుస్తాం. నువ్వు వచ్చాక అందరి ముందూ నిజం చెప్పాలంటే చెప్పు. నేను కాదనను, పారిపోను.

బిస్విక్

*

జోంబా
7 జులై 1996

మామయ్యా,

శనివారం మీతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా బస్సెక్కాను. నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకే తెలియలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మేనమామ కాబట్టి గోతిలో మొదటి మట్టి మీరే వేశారు. కత్తి కూడా మీ చేతిలోనే ఉంది. అమ్మ తల మీరే గొరిగారు, ఎంత మెల్లగా గొరిగారంటే, అమ్మ కళ్ళు మూసుకుని మీ మోకాలి మీద చేయి వేసుకుంది. ఏడాదిగా పట్టి ఉంచిన ఏడుపంతా మీ మోకాలి మీదే ఏడ్చింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ క్షణంలో మిమ్మల్ని చంపాలనిపించింది. మీరు తప్ప అమ్మకి ఇంకెవరూ లేరని కూడా అప్పుడే అనిపించింది.

నేను ఎవరికీ చెప్పలేదు. క్షమించానని అనుకోకండి, క్షమించలేదు, ఎప్పటికైనా క్షమిస్తానో లేదో తెలియదు. అడగవద్దు.

ఆరు డబ్బాలంటే ఎన్ని రోజులో నేను లెక్క కట్టలేదు. రోజుకి ఒకటా, రెండు రోజులకి ఒకటా, మీరు పిలిచిన అయిదో రోజుకి వాడు ఎన్నో డబ్బా దగ్గర ఉన్నాడో, కాగితం మీద పెట్టలేదు. జీవితంలో నేను వదిలేసిన లెక్క ఇదొక్కటే. మా తరగతిలో ఒక పిల్ల మొన్న అడిగింది, టీచర్, ఈ త్రికోణాలు దేనికి పనికొస్తాయి అని. పరీక్షకి అన్నాను.

పలకలు కమిటీకి చేరాయి. వాగు దగ్గర పెట్టే దాని మీద ఇలా రాయించాను: ‘దేవదారు బస. అయిదు కిలోమీటర్లు. మోతతో నాలుగు గంటలు. మధ్యాహ్నం దాటితే ఎక్కవద్దు.’ అది మీ చేతులతో పాతండి. ఎర్రబండ దగ్గరిదీ మీరే పాతండి. రోజూ మోతతో వాటి ముందు నుంచే నడవండి.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. బస్సు ఎక్కేముందు అమ్మ నన్ను ఇంటి వెనక్కి పిలిచింది. గుండు మీద గుడ్డ సర్దుకుంటూ, కందిచేను వైపు చూస్తూ అడిగింది, “లెక్కలు తెలిసినదానివి, నిజం చెప్పు. వాడు ఎంతసేపు ఉన్నాడు అక్కడ?”

నా దగ్గర ఉన్నదంతా నోటి దాకా వచ్చింది. దుప్పట్లు, గీతలు, ఆరు డబ్బాలు. అమ్మ కాళ్ళు వణుకుతున్నాయి.

“ఎంతోసేపు లేదమ్మా. పడగానే పోయాడు” అన్నాను.

అమ్మ తల ఊపింది, లోపలికి వెళ్ళి నాకు దారిలో తినడానికి ఉడికించిన కర్రపెండలం కట్టి ఇచ్చింది.

మీ మేనకోడలు
ఎనిఫా